గొణుగుడు బాబాయ్ ఇచ్చిన వారం

పెళ్లై మూడేళ్లైనా మాకు పిల్లలెందుకు పుట్టలేదో కనిపెట్టింది జలుబు చేసిన ఒక డాక్టరమ్మ. అంతకు ముందు ఇద్దరు పెద్ద డాక్టర్లు చూశారు. నా రక్తం, మా ఆయన రక్తం, పైకి చెప్పుకోలేనివి ఇంకొన్ని సీసాల్లో పట్టుకెళ్లి పరీక్షలు చేశారు. అన్నీ నార్మల్ అన్నారు. అన్నీ నార్మలైతే మరి పిల్ల ఏదండీ అని అడిగితే "టైం పడుతుందమ్మా" అన్నారు. ఆ ముక్క చెప్పడానికి అంత చదువెందుకు? మా అత్తగారు రోజూ చెబుతూనే ఉన్నారు.

మా ఆయన ఉద్యోగం కొండల్లో, ఆనకట్ట మీద. నీళ్లు వదిలే గేట్లు ఎత్తడం, దించడం ఆయన పని. రోజూ వెళ్లొచ్చే దూరం కాదు. అందుకని మూడు వారాలు అక్కడే ఉండాలి, ఒక వారం ఇంటికి రావాలి. మొత్తం నాలుగు బ్యాచ్‌లు. మూడు పైన ఉంటే ఒకటి కిందకి దిగుతుంది, అది ఎక్కగానే ఇంకోటి దిగుతుంది. మా ఆయనది మొదటి బ్యాచ్. "కొండైనా కదులుతుంది గానీ మా రోస్టర్ కదలదు" అని అక్కడి సూపర్‌వైజర్ గొప్పగా చెప్పుకుంటాడట.

ఆ మాటకొస్తే నేనూ తక్కువ తినలేదు. నేను బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ బల్ల దగ్గర పని చేస్తాను. నా చుట్టూ ఉన్న ఆడవాళ్లలో ఒకరికి నెలసరి ముందొస్తుంది, ఒకరికి వెనకొస్తుంది, ఒకరికి ఎప్పుడొస్తుందో ఆవిడకే తెలీదు. నాకు మాత్రం నాలుగు వారాలంటే నాలుగు వారాలే. అదో గర్వం కూడా నాకు. మా ఆయన కొండ దిగి, బ్యాగు మూల పడేసి, కాస్త ఇంటి మనిషి అయ్యేసరికి అదీ దిగేది. "మీరిద్దరూ ఒకే బస్సులో వస్తారేంటండీ?" అని నేనే జోకులేసేదాన్ని. అది తగ్గి నేను తేరుకునేసరికి ఆయన మళ్లీ బ్యాగు సర్దుకునేవాడు. మూడేళ్ల పాటు ఆ జోకుకి ఇద్దరం పడీ పడీ నవ్వాం. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కారణం మా నోటితోనే నెలనెలా చెప్పుకుంటూ డాక్టర్ల చుట్టూ తిరిగాం.

మధ్యలో సెలవులు దొరకలేదా అంటే, రెండుసార్లు దొరికాయి. ఒకసారి ఆయనకి జ్వరం. రెండోసారి మా చెల్లెలి పెళ్లి. ఇల్లంతా చుట్టాలే, మా గదిలోనే ఏడుగురు పడుకున్నారు. ఇక చూసుకోండి.

డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నదే. ముక్కు తుడుచుకుంటూ నా పాత రిపోర్టులన్నీ తిరగేసింది.

"మీ ఆయన రాలేదా?"

"కొండ మీదున్నాడండీ. నెలకో వారమే వస్తాడు."

"మీకు నెలసరి ఎప్పుడొస్తుంది?"

"ఆయనొచ్చిన ఒకటి రెండు రోజులకి."

తుమ్మబోయినావిడ ఆగిపోయింది. "ఏ నెల?"

"ప్రతి నెలా. మీకెందుకండీ అనుమానం, నాకు తేడా రాదు" అన్నాను, మెడల్ చూపించినట్టు.

ఆవిడ రిపోర్టులు మూసేసి పక్కన పెట్టింది. కుర్చీ నా వైపు లాక్కుంది. "చూడండి. మీలా నాలుగు వారాలకోసారి వచ్చేవాళ్లకి, వచ్చే నెలసరికి దాదాపు రెండు వారాల ముందు అండం విడుదలవుతుంది. అది బతికేది ఒక్క రోజు. మగవాళ్ల కణాలు మాత్రం లోపల నాలుగైదు రోజులు కాచుక్కూచోగలవు. అంటే ఆ రోజూ, దానికి ముందు నాలుగైదు రోజులూ మీరిద్దరూ ఒకచోట ఉండాలి. ఆ రోజుల్లో మీ ఆయనెక్కడుంటాడు?"

"గేట్ల దగ్గర" అన్నాను.

"మరి ఇంక పిల్లలు ఎక్కడి నుంచి పుడతారమ్మా?" అని, అప్పుడు తుమ్మింది.

నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, ఒళ్లు మంట. పెళ్లై ఎన్నేళ్లయింది అని అడగని మనిషి లేడు ఈ భూమ్మీద. ఆ ఏళ్లలో మేమిద్దరం ఏ రోజుల్లో ఒక కప్పు కింద ఉన్నామో ఒక్కరూ అడగలేదు. మేమూ ఒకరినొకరం అడగలేదు. బళ్లో ఇదంతా చదివాను కూడా, మార్కులూ వచ్చాయి. అది పుస్తకంలో ఆడదానికి జరిగేది అనుకున్నాను గానీ, నాక్కూడా జరుగుతుందనుకోలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక మంట తగ్గింది. నాలో లోపం లేదు, ఆయనలో లోపం లేదు. ఆ మాట మూడేళ్లలో మొదటిసారి నమ్మాను. లోపలికి మళ్లీ వెళ్లి, ఇంకో పేషెంట్ ఉన్నా సరే, ఆ పిల్ల డాక్టర్ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాను. "జలుబు అంటుకుంటుందండీ" అంది పాపం.

ఇక కావాల్సింది ఒక్కటే. మా ఆయన వారం రెండు వారాలు జరగాలి. వినడానికి ఎంత తేలిక!

ఆయన వట్టి సిగ్గరి. సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి బ్యాచ్ మార్చమని అడిగాడట. ఎందుకు అన్నాడు అతను. మా వాడు చేత్తో దవడ పట్టుకుని "పన్ను నొప్పి సార్" అన్నాడు. సూపర్‌వైజర్ మంచివాడు. పన్ను కోసం బ్యాచ్ మార్చడం దేనికి, అని చెప్పి వంటవాణ్ని పిలిచి ఈయనకి గట్టివేవీ పెట్టొద్దన్నాడు. అబద్ధం బయటపడకుండా మూడు వారాలూ పాలల్లో నానేసిన బ్రెడ్డు తిని, సగం మనిషై ఇంటికొచ్చాడు. ఎప్పటిలాగే. ఎప్పటి వారమే.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందే, అలాంటివి నలుగురిలో ఎలా చెబుతాం?" అన్నాడు.

"అడగనిదే అమ్మైనా పెట్టదు. మీరు పన్ను అడిగారు, బ్రెడ్డు పెట్టారు. సరిపోయింది" అన్నాను.

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. సూపర్‌వైజర్ సరే అన్నా సరిపోదట. ఒక్కో బ్యాచ్‌కి గేటు ఆపరేటర్ ఒక్కడే. ఇటు మనిషి అటు వెళ్లాలంటే అటు మనిషి ఇటు రావాలి. మాకు కావాల్సిన వారం మూడో బ్యాచ్‌ది. మూడో బ్యాచ్ ఆపరేటర్ గొణుగుడు బాబాయ్.

ఆ పేరు వింటేనే నాకు నీరసం వచ్చింది. ఆయన్ని ఆనకట్ట మీద అందరూ బాబాయ్ అనే అంటారు, గొణుగుడు అని వెనక అంటారు. వాన పడితే గొణుగుతాడు, పడకపోతే గొణుగుతాడు. టీలో చక్కెర వేస్తే ఎక్కువైందంటాడు, వెయ్యకపోతే మర్చిపోయారంటాడు. ఆయన్నెవరూ ఏదీ అడగరు.

నేను అడిగాను. ఆయన వారం వచ్చేదాకా ఆగి, ఫ్యాక్టరీలో సగం పూట సెలవు పెట్టి, ఆయన ఇంటికి వెళ్లాను. నిచ్చెన మీద నిలబడి కిటికీకి రంగు వేస్తున్నాడు. నేనెవరో చెప్పాను.

"పన్ను నొప్పివాడి పెళ్లానివా? తగ్గిందా వాడికి?"

"ఆయన పన్ను బంగారంలా ఉంది బాబాయ్. మాకు పిల్లలు కావాలి. మీ వారం మాకివ్వండి."

బ్రష్షు డబ్బాలో పెట్టి కిందకి చూశాడు. ఇంకేముంది, సగం చెప్పాక మిగతా సగం దాచి ఏం లాభం? నెలసరి గురించి, అండం గురించి, డాక్టరమ్మ చెప్పిందంతా నిచ్చెన కింద నిలబడి చెప్పేశాను. నా చెవులు కాలిపోతున్నాయి గానీ నోరు ఆగలేదు. ఆయన ముఖంలో నవ్వు లేదు, చిరాకూ లేదు. గేటు ఎంత ఎత్తాలో చెబుతుంటే ఎలా వింటాడో అలా విన్నాడు.

"ఎన్ని నెలలు?"

"తెలీదు బాబాయ్. సరైన రోజుల్లో కలిసున్నా ప్రతి నెలా నిలుస్తుందని లేదట. నాలుగైదు నెలలు పట్టొచ్చు, ఏడాదీ పట్టొచ్చు."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. ఆయన భార్య గుమ్మంలోకి వచ్చి, చీర కొంగుకి చేతులు తుడుచుకుంటూ ఆయన వైపు చూసింది. ఏదో అనబోయి ఆగింది. తర్వాత "ఇచ్చేయండి" అంది.

"ఈ రంగు ఆరి చస్తే గదా" అని గొణిగాడు బాబాయ్. అదే ఒప్పుకోవడమని నాకు గుమ్మం దాటాక గానీ అర్థం కాలేదు.

సూపర్‌వైజర్‌కి ఏం చెప్పాడో మాకు తెలీదు. కదలని రోస్టర్ కదిలింది. మా ఆయన రెండు వారాలు అదనంగా పైనే ఉండి, కొత్త వారంలో దిగాడు. తలుపు తీస్తే ఎవరో కొత్తమనిషిని చూసినట్టనిపించింది. ఒంట్లో నలత లేకుండా, నడుం నొప్పి లేకుండా, చిరాకు లేకుండా నేను మా ఆయనతో వారం రోజులు గడపడం పెళ్లయ్యాక అదే మొదలు. పిల్లల మాట అటుంచి, ఆ వారమే నాకో వరం. మేమిద్దరం ఇంత సరదా మనుషులమని నాకు తెలీదు. అత్తగారు రెండో రోజే పనుందని చెప్పి ఆడపడుచు ఇంటికి వెళ్లిపోయారు. ఆవిడకి ఏ పనీ లేదు. ఆవిడకీ నేను రుణపడే ఉన్నాను.

మొదటి నెల నిలవలేదు. నెలసరి ఠంచనుగా వచ్చింది. ఆ రోజు నా గర్వాన్ని నేనే తిట్టుకున్నాను. రెండో నెలా అంతే. మూడో నెల ఫ్యాక్టరీలో బటన్లు కుట్టే అక్క నా ముఖం చూసి ఏదో పసిగట్టి, పుట్టబోయే పిల్లకి గౌను కొలతలు అడిగింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమా, అని కసిరాను. ఆ మర్నాడు నెలసరి మళ్లీ వచ్చింది. బాత్‌రూంలో కూర్చుని ఏడ్చాను. గొణుగుడు బాబాయ్ వారం వృథా చేస్తున్నానని కూడా ఏడ్చాను.

ఐదో నెల తప్పింది.

ఒక రోజు చూశాను. ఇంకో రెండు రోజులు చూశాను. నా గడియారం ఆగిపోయింది, అంత హాయిగా ఏ గడియారమూ ఆగి ఉండదు. డాక్టరమ్మ పరీక్ష చేసి ఔనంది, ఈసారి జలుబు లేదు కాబట్టి నన్ను దగ్గరికి తీసుకుంది కూడా. కొండ మీదికి ఫోను చేశాను. మా ఆయనకి చెప్పాను. గేట్ల దగ్గర నీళ్ల హోరులో వినిపించలేదేమో అనుకుని మళ్లీ చెప్పాను. "వినిపించిందే, మళ్లీ చెప్పు" అన్నాడు.

అటు నుంచి అటే బాబాయ్ ఇంటికి వెళ్లాను. ఇప్పుడు మా పాత వారం ఆయనది కదా, ఇంట్లోనే ఉంటాడు. తలుపు తీశాడు. ఇల్లు చిన్నబోయి ఉంది. బల్ల మీద మూత తీసిన గిన్నె, అందులోనే చెంచా. నిలబడే తింటున్నట్టున్నాడు. సగం రంగేసిన కిటికీ సగంలోనే ఉంది.

"నిలిచింది బాబాయ్" అన్నాను.

"ఊఁ" అన్నాడు. వెనక్కి తిరిగి కుర్చీ మీద బట్టలు తీసి నాకు చోటు చేశాడు. వీపు నా వైపు పెట్టి చాలాసేపు ఆ బట్టలు మడతపెట్టాడు.

"పిన్నిగారేరీ? ఆవిడకీ చెప్పాలి."

"రైల్లో ఉంది. అది గార్డు కదా, దూరం బళ్లు."

"ఎప్పుడొస్తారు?"

"నేను వెళ్లాక" అన్నాడు, బయట ఎండగా ఉందన్నట్టు.

అర్థం కావడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది. ఆవిడకీ నెలకి ఒక వారమే ఇల్లు. గుచ్చి అడిగితే చెప్పాడు, ఎన్నో ఏళ్ల క్రితం ఇద్దరూ పై అధికారుల చుట్టూ తిరిగి, ఆవిడ వారం, ఈయన వారం ఒకటి చేయించుకున్నారట. ఆ వారమే నేను నిచ్చెన కింద నిలబడి అడిగింది. ఐదు నెలలుగా ఆవిడ దిగేసరికి ఈయన కొండ మీద, ఈయన దిగేసరికి ఆవిడ రైల్లో. గుమ్మంలో నిలబడి ఆవిడ ఏదో అనబోయి ఎందుకు ఆగిందో అప్పుడర్థమైంది.

"ఒక్క మాట చెప్పొచ్చు కదా బాబాయ్!"

"చెబితే నువ్వు పుచ్చుకునేదానివా?"

కూర్చున్నచోటే భోరుమన్నాను. టీలో చక్కెరకి గొణిగే మనిషి దీనికి ఒక్క మాట గొణగలేదు. ఆయన కంగారు పడిపోయాడు. "ఏడవకమ్మాయ్, కడుపులో దానికి మంచిది కాదు. మాకేం, ఇద్దరు పిల్లలూ ఎదిగి వెళ్లిపోయారు. ఒకరి ముఖం ఒకరం ఇరవై రెండేళ్లు చూశాం, ఇంకా చూడ్డానికి అందులో ఏముంది?" అన్నాడు. అంటూనే గోడ గడియారం వైపు చూశాడు. ఆవిడ బండి ఏ ఊరు చేరి ఉంటుందో చూసుకుంటున్నాడని నాకనిపించింది.

ఇంటికెళ్లి మా ఆయనకి ఫోను చేసి, బాబాయ్ వారం బాబాయ్‌కి వెంటనే ఇచ్చేయమన్నాను. "పురుడు టైముకి నేను పైనుంటే ఎలాగే?" అన్నాడు. ఉంటే ఉంటారు, నేను కంటాను, మీరేం కనరు కదా, అన్నాను. ధైర్యంగానే అన్నాను గానీ ఆ రోజంతా భయపడ్డాను. అయినా ఆయన ఆ సాయంత్రమే సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లాడు. ఈసారి పన్ను పట్టుకోలేదు.

తర్వాత డాక్టరమ్మ పురుడు తేదీ వేసింది. ఆఖరి నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కట, పది నెలసరుల కాలమట. ఆ తేదీ రోస్టర్‌తో పోల్చి చూసి నేను పగలబడి నవ్వాను. నా లెక్కా, ఆనకట్ట లెక్కా ఒకటే గనక ఆ తేదీ సూటిగా వచ్చి మా పాత వారంలోనే పడింది. మూడేళ్లు ఏ వారాన్నైతే తిట్టిపోశానో అదే ఆయన్ని పురిటికి దింపుతుంది. ఇవ్వాల్సింది ఇచ్చేశాక ఇలా తిరిగొస్తుందని ఎవరనుకున్నారు?

అయితే రోస్టర్లన్నీ పెద్దవాళ్లకే. కడుపులో ఉన్నదానికి ఏ బ్యాచ్ అయితే ఏంటి? మా ఆయన దిగాడు. రోజంతా నా ముఖమే చూస్తూ కూర్చునేవాడు. అన్నం వడ్డిస్తే నా ముఖం, తుమ్మితే నా ముఖం. అత్తగారు వేణ్ణీళ్లు కాచడం, చల్లార్చడం, మళ్లీ కాచడం. తేదీ వచ్చింది, వెళ్లింది. నొప్పుల జాడ లేదు. వారం ఆఖరి రోజు పొద్దున ఆయన బ్యాగు సర్దుకుని మంచం మీద కూలబడ్డాడు. కొండ మీదికి వెళ్లే జీపు పొద్దెక్కాక వస్తుంది. ఆయన వెళ్లకపోతే గేట్ల దగ్గర ఒక మనిషి తక్కువ. వర్షాలు, నీళ్లు నిండుగా ఉన్నాయి.

అప్పుడు ఫోను మోగింది. హోరు మధ్య గొణుగుడు.

"ఆ బ్యాగు కింద పెట్టమను వాణ్ని. నీళ్లు గేట్లలోంచి పోతాయి గానీ వాడిలోంచి పోవు. వాడి డ్యూటీ నేను చేస్తా, నా డ్యూటీ కూడా నేనే చేస్తా. సూపర్‌వైజర్‌కి చెప్పేశా. జీపుని మీ ఇంటికి రావద్దన్నా."

"బాబాయ్, రెండు పూటలూ ఎలా..."

"టీ బాగా పెట్టడం లేదిక్కడ, నిద్రెలాగూ పట్టదు" అని పెట్టేశాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం మా పిల్ల పుట్టింది. మా ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంది. ఆ చెయ్యి నేను ఎంత గట్టిగా నలిపానంటే రెండు రోజులు ఆయన చెంచా పట్టుకోలేకపోయాడు. పిల్లని ఆయన చేతుల్లో పెట్టినప్పుడు ఆయన ముఖం నేను చూశాను. అది చూడనిచ్చిన మనిషి అప్పుడు ఎక్కడో కొండ మీద, ఎడతెరిపి లేని వానలో, తనది కాని డ్యూటీలో ఉన్నాడు.

సాయంత్రం ఫోను కలిపించుకున్నాను. ఏం చెప్పాలో ఎన్నో అనుకున్నాను. ఆయన గొంతు వినగానే అన్నీ మర్చిపోయాను.

"బాబాయ్, ఆడపిల్ల. బాబాయ్, మీకు... మీకూ, పిన్నిగారికీ నేను..."

"నువ్వు కాసేపు నోరు మూసుకుని దాన్ని మాట్లాడనివ్వు" అన్నాడు.

ఫోను పిల్ల నోటి దగ్గర పెట్టాను. సరిగ్గా అప్పుడే ఆకలేసిందేమో, కెవ్వున అందుకుంది. గది అదిరిపోయేలా ఏడ్చింది. లైను తెగిపోయిందేమోనని ఫోను నా చెవి దగ్గరికి తీసుకున్నాను.

"ఎందుకు తీశావ్?" అన్నాడు బాబాయ్. "ఇంకాసేపు ఉంచు."

ఫోను మళ్లీ పిల్ల దగ్గర పెట్టి, అది అలిసి ఊరుకునేదాకా పట్టుకుని కూర్చున్నాను.